అశ్వప్రియుడు మహబూబ్ అలీ ఖాన్

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఒకప్పుడు నిజాం రాజ్యములోని యూళ్ళు. ఆ రాజ్యము నేలిన ఆఱవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాము కఱచినపుడు ఆయన పేరు తలచినచో విషము దిగునని జనులు నమ్ముచుండిరట! ఆ మాట యెట్లున్నను, గుఱ్ఱములపై ఆయనకు గల మక్కువ మాత్రము కట్టుకథ కాదు.

ఆయన 1866వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన జన్మించెను. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా మరణింపగా, రెండున్నర యేండ్ల పసివానికి సింహాసనము లభించెను. దివాను మొదటి సాలార్ జంగు పెద్దదిక్కై రాజ్యభారము వహించెను. బాలుడు చదువుతోపాటు స్వారియు, వేటయు నేర్చి చక్కని రౌతయ్యెను. 1884 ఫిబ్రవరి 5న రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు ఆయనకు పూర్ణాధికారము లొసగెను.

హైదరాబాదులో గుఱ్ఱపు పందెములు 1868లో మౌలాలీ యొద్ద మొదలైనవి. అది మూసీనది కావల, కోటలోని నగరమునకు దూరము. యువప్రభువు 1886లో పందెములను తన మహబూబ్ మాన్షన్ సమీపమునగల మలక్‌పేటకు మార్పించెను.

పందెపు గుఱ్ఱమనగా జట్కా లాగు గుఱ్ఱము వంటిది కాదు. థరోబ్రెడ్ అను మేలుజాతికి మూలపురుషులు మూడు మగగుఱ్ఱములు; అవి 17, 18 శతాబ్దములలో తూర్పుదేశములనుండి ఇంగ్లండు చేరినవి. ఆ జాతిలో ప్రతి గుఱ్ఱమునకును వంశావళి వ్రాయబడి యుండును. మన దేశమున నాడు అరబ్బీ గుఱ్ఱములును, ఆస్ట్రేలియానుండి ఓడలలో వచ్చు వేలరు గుఱ్ఱములును విరివిగా పరుగెత్తుచుండెను. గెలిచిన గుఱ్ఱమునకు సుఖము లేదు సుమా! కొన్ని పందెములలో, దాని శక్తి బయటపడిన కొలది జీనుతోపాటు సీసపు బిళ్ళలు చేర్చి బరువు పెంచెదరు. అప్పుడు గాని తక్కువ గుఱ్ఱములకు గెలుపుపై ఆశ కలుగదు. ఈ యేర్పాటు నాకు న్యాయముగనే తోచును. పరుగుపై డబ్బొడ్డి ఇల్లు గుల్ల చేసికొనువారిని మాత్రము నేను మెచ్చను.

ప్రభువు మనస్సు గుఱ్ఱములకే అంకితమని తలంపరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరముపై పడెను. వంతెనలు తెగెను; వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. విలాసపురుషుడని పేరుబడిన ఆ ప్రభువే నాడు తన భవనముల తలుపులు నిరాశ్రయులకు తెఱపించి అన్నము పెట్టించెను. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరద మఱల రాకుండ ఉపాయ మడిగెను. నగరమునకు ఎగువన ఆనకట్టలు కట్టవలెనని ఆయన చెప్పెను. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అట్లు పుట్టినవే.

వానిని చూచు భాగ్యము మహబూబ్ అలీ ఖాన్‌కు లేకపోయెను. 1911 ఆగస్టు 29న, నలుబదియైదేండ్ల ప్రాయమున, ఫలక్‌నుమా భవనమున కన్నుమూసెను. ఆయన సమాధి మక్కా మసీదులో నున్నది. మలక్‌పేట మైదానమున వానకాలమునను, చలికాలమునను గుఱ్ఱములు నేటికిని పరుగెత్తుచున్నవి.