ఇబ్న్ బతూతా

ఆఫ్రికా ఖండపు వాయవ్యపు కొనను, మధ్యధరా సముద్రము అట్లాంటిక్ మహాసముద్రముతో కలియుచోట, టాంజియర్ అను రేవుపట్టణము కలదు. అది నేటి మొరాకో దేశములోనిది. ఒకప్పుడు రోమనులేలిన ఆ ప్రాచీన తీరమునకు మూలవాసులు బెర్బరులు. ఆ జాతికి చెందిన న్యాయవేత్తల యింట 1304వ సంవత్సరమున ఇబ్న్ బతూతా జన్మించెను.

1325లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, అతడు ఒంటరిగా మక్కాయాత్రకు బయలుదేరెను. తల్లిదండ్రుల నెడబాయుట అతనికి మిక్కిలి దుస్సహమయ్యెను. అయినను, యాత్ర ముగిసిన పిదప అతడు ఇంటిదారి పట్టలేదు. పారసీకము, తూర్పు ఆఫ్రికా తీరము, మధ్య ఆసియా దాటి 1333లో సింధునదిని చేరెను. ఓరుగల్లులో కాకతీయుల పాలన అంతరించి అప్పటికి పదేండ్లు గడచెను.

ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ అతనిని న్యాయాధిపతిగా నియమించి గొప్ప జీతమిచ్చెను. కాని ఆ ప్రభువు అనుగ్రహమెంతటిదో ఆగ్రహమంతటిది. సుల్తానును ధిక్కరించిన యొక సాధువును దర్శించిన కారణమున ఇబ్న్ బతూతా కావలిలో నుంచబడెను. ఆ సాధువునకు మరణశిక్ష పడెను. ప్రాణములతో బయటపడిన ఇబ్న్ బతూతా తన సొత్తును బీదలకు పంచి విరాగియయ్యెను.

సుల్తాను అతనిని మరల పిలిపించి, 1342లో చీనా చక్రవర్తికడకు రాయబారిగా పంపెను. కోళిక్కోడు రేవులో తుపాను చెలరేగి కానుకల నోడను ముంచెను. ఒడ్డుననున్న అతనికి ప్రార్థనాసనమును, పది నాణెములును మాత్రమే మిగిలెను. ఢిల్లీకి మరలుటకు వెరచి, మాల్దీవులకేగి, అచ్చటను న్యాయాధిపతియై, తుదకు చీనాకు పోయెను.

1348లో డమాస్కసున, తండ్రి పదునైదేండ్ల క్రిందటనే గతించెనని వినెను. మరుసటి యేడు స్వదేశమున కాలిడినంతనే, కొలది మాసములకు ముందు తల్లి మహామారివలన మరణించెనని తెలిసెను. స్వగ్రామము చేరిన ఆ కుమారునకు తల్లి సమాధి దర్శనమే దక్కెను.

అనంతరము మొరాకో సుల్తాను ఆజ్ఞచే అతడు తన యాత్రలను చెప్పగా, ఇబ్న్ జుజయ్ అను పండితుడు వ్రాసెను. ఆ గ్రంథము 1355లో ముగిసెను. అందలి కొన్ని సంగతులను చరిత్రకారులు శంకింతురు. అయినను ఆనాటి ఢిల్లీ కొలువును, గుఱ్ఱములమీదను కాలినడకను సాగిన టపా యేర్పాటును మనము తెలిసికొనుట కది గొప్ప యాధారము. కొలువులిచ్చిన ధనమంతయు దారిలోనే పోయెను. కన్నవి, విన్నవి మాత్రము నిలిచెను.