న్యాయపీఠమున ఆచార్యుడు: జస్టిస్ పింగిళి జగన్మోహన రెడ్డి

అధికారమునకు హద్దు గలదని తరగతిలో బోధించుట సులభము. ప్రభుత్వమే కక్షిదారుగా ఎదుట నిలిచినప్పుడు ఆ హద్దును గీచి చూపుట కష్టము. ఈ రెండు పనులను చేసిన తెలుగువారు మిక్కిలి కొలది. వారిలో హైదరాబాదువారైన జస్టిస్ పింగిళి జగన్మోహన రెడ్డిగారు ముఖ్యులు. వారు గతించి పాతికేండ్లు దాటినను, వారి జీవితమును మనవారు తలచుకొనవలసిన అవసరము తీరలేదు.

వారు 1910 జనవరి 23వ తేదీన జన్మించిరి. ఇంగ్లండున లీడ్సులో వాణిజ్యశాస్త్రమును, కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రమును అభ్యసించి, బారిష్టరై వచ్చి 1937లో వృత్తి నారంభించిరి. నాటి నిజాం రాజ్యమున న్యాయస్థానముల భాష ఉర్దూ. ప్రభువు ఫర్మానాను మించిన శాసనము లేదు. 1948 సెప్టెంబరులో ఆ ప్రభుత్వ మస్తమించెను. 1950 జనవరి 26 నుండి భారత రాజ్యాంగ మిచ్చట అమలులోనికి వచ్చెను. నిన్నటి వఱకు ఫర్మానాకు తలయొగ్గిన న్యాయస్థానములకు ప్రభుత్వాజ్ఞలనే కొట్టివేయు నధికారము సంక్రమించెను. ఇంతటి మార్పును కన్నులార చూచినవారు గనుకనే రెడ్డిగారికి రాజ్యాంగము కేవలము గ్రంథస్థ విషయము కాలేదు.

1952లో వారు హైదరాబాదు హైకోర్టు న్యాయమూర్తి యైరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర విభాగమునకు డీన్‌గా కూడ పనిచేసిరి. 1956లో ఆంధ్రప్రదేశ మవతరించగా, మద్రాసు సంప్రదాయమున పెరిగిన గుంటూరు న్యాయమూర్తులును, నిజాం సంప్రదాయమున పెరిగినవారును మూసీ యొడ్డున నొకే న్యాయస్థానమున కూర్చుండవలసి వచ్చెను. ఆ హైకోర్టునకు రెడ్డిగారు 1966లో ప్రధాన న్యాయమూర్తి యైరి. 1969 ఆగస్టు 1న సుప్రీంకోర్టున ప్రవేశించిరి.

ఆ మఱునెలలోనే అహమ్మదాబాదున మతకలహములు చెలరేగి, ప్రభుత్వ లెక్కల ప్రకారమే 660 మంది ప్రాణములు కోల్పోయిరి. విచారణ సంఘమునకు రెడ్డిగారే అధ్యక్షులు. పోలీసుల అలసత్వమును ఆ సంఘము దాచలేదు.

వారి జీవితమున ముఖ్య ఘట్టము కేశవానంద భారతి వ్యాజ్యము. కేరళలోని యొక మఠాధిపతి భూసంస్కరణ చట్టములను ప్రశ్నింపగా, పార్లమెంటు రాజ్యాంగము నెంతవఱకు మార్చవచ్చునను మహాప్రశ్న లేచినది. 13 మంది న్యాయమూర్తులు 68 దినములు వాదములు వినిరి. 1973 ఏప్రిల్ 24న తీర్పు వెలువడెను. పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని దాని మూలస్వరూపమును ధ్వంసము చేయరాదని 7గురు చెప్పిరి. 6గురు దానికి సమ్మతింపలేదు. ఆ 7గురిలో రెడ్డిగారొకరు. వారు వేఱుగా వ్రాసిన తీర్పులో, ప్రజాస్వామ్య గణతంత్రమను మూలభావమును రాజ్యాంగ పీఠికయందే చూపిరి. ఒక్కరు అటు తొలగినచో ఫలితము తారుమారయ్యెడిది.

ఆస్తిపరులు దీనిని తమ విజయమని తలచినచో పొరపాటు. ఆ భూచట్టములకు రక్షణ కల్పించిన 29వ సవరణ నిలిచెను. 1978లో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండియే తొలగెను. నిలువబడినది భూమి గట్టు కాదు, అధికారమునకు వేసిన గట్టు.

మఱునాడే ప్రభుత్వము తన కోపమును వెల్లడించెను. మూలస్వరూప పక్షమున నిలిచిన ముగ్గురు సీనియరు న్యాయమూర్తులను త్రోసిరాజని, ఆ పక్షమున చేరని వారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించెను. ఆ ముగ్గురు రాజీనామా చేసిరి. రెడ్డిగారు 1975 జనవరిలో పదవీకాలము ముగియువఱకు న్యాయపీఠముననే యుండిరి. ఆ ఏటనే ఉస్మానియా వైస్‌ఛాన్సలరై 1977 వఱకు పనిచేసిరి.

1971లో ప్రధానమంత్రి పేర వచ్చిన ఫోనుమాటను నమ్మి ఢిల్లీ స్టేటు బ్యాంకు ప్రధాన కోశాధికారి 60 లక్షల రూపాయల నప్పగించిన నాగర్‌వాలా వ్యవహారమును విచారించుటకు, 1977లో జనతా ప్రభుత్వము వారినే నియమించెను. పాత ప్రభుత్వమును బోనెక్కించు సంచలనమునకై కాచుకొన్నవారి కది దొరకలేదు. ఏ పక్షము నియమించినను సాక్ష్యమును దాటి మాటాడకుండుటయే న్యాయమూర్తి ధర్మము గదా!

1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. 1999 మార్చి 9న రెడ్డిగారు కన్నుమూసిరి. నేడు గచ్చిబౌలి వఱకు వ్యాపించిన హైటెక్ సిటీ ప్రాంతమున దేశవిదేశముల సంస్థలు లక్షలాది యువజనులకు జీవనోపాధి నిచ్చుచున్నవి. వారి ఒడంబడికలకు, ఇంటి పత్రములకు, గోప్యతకు తుది యండ ప్రభువుల దయ కాదు. ప్రభువులను సైతము నిలదీయగల న్యాయస్థానము. 2015లో న్యాయమూర్తుల నియామక సంఘమును సుప్రీంకోర్టు కొట్టివేసినది ఈ మూలస్వరూప సూత్రముతోనే. ఒకనాడు ఫర్మానాలేలిన నగరమున పెరిగిన న్యాయవాది ఆ గట్టు కట్టుటలో చేయి కలిపెనని మన న్యాయకళాశాలల విద్యార్థులు తెలిసికొందురు గాక!