కడప దొర, మన తెలుగు

కథ రాస్తూ ఏదైనా మాట దగ్గర ఆగిపోతే నేను బ్రౌణ్యం తిరగేస్తాను. 1852 నాటి ఆ నిఘంటువు చేసింది తెలుగాయన కాదు, 1798లో కలకత్తాలో పుట్టిన ఆంగ్లేయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్!

1820లో ఉద్యోగం మీద కడప వచ్చారు. ఆ తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితుల్ని పెట్టి, చెదలు తింటున్న తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించారు. జీతాలు సొంత డబ్బులోంచే. చాలక అప్పులూ చేశారు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించారు. పెళ్లి చేసుకోలేదు. 1884లో లండన్‌లో కన్నుమూశారు.

ఆ బంగళా శిథిలమైతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి అక్కడే ఆయన పేర గ్రంథాలయం కట్టించారు. మరి మన అటకల మీది అమ్మమ్మల పాటల పుస్తకాలో? ఈ పండక్కి బూజు దులిపేటప్పుడు, చిత్తుకాగితాల్లో వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండమ్మా!