వెనుదిరగని క్షణం

ఫ్రాన్సు దేశపు ప్రకృతి చిత్రకారులలో అగ్రగణ్యుడైన కామీయ్ కోరో 1796 జూలై 16న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు స్త్రీల టోపీల దుకాణం నడిపేవారు. కుమారుడు వర్తకంలో స్థిరపడాలన్నది తండ్రి ఆకాంక్ష. ఆయన మాట కాదనలేక కోరో కొన్నేళ్లు బట్టల వ్యాపారుల వద్ద పనిచేశాడు. కాని అతని మనసు బేరసారాలపై నిలువలేదు. ఎట్టకేలకు 1822లో తల్లిదండ్రులు అంగీకరించి, ఏటా 1500 ఫ్రాంకుల భృతి ఏర్పాటు చేశారు. అంతకు ముందే మరణించిన చెల్లెలికి కేటాయించిన సొమ్ము అది.

మిషలోన్, బెర్తాఁ అనే చిత్రకారుల వద్ద శిక్షణ పొందిన కోరో 1825లో ఇటలీకి వెళ్లి, మూడేళ్లపాటు ఆరుబయట కూర్చుని చిత్రాలు గీశాడు. 1827 నుండి పారిస్ ప్రదర్శనశాలలో అతని చిత్రాలు కనిపించసాగినా, కొనేవారు చాలాకాలం అరుదుగానే ఉండేవారు. నడివయసు దాటేవరకు తండ్రి ఇచ్చే భృతియే అతనికి ఆధారం. 1846లో ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారంతో గౌరవించింది. మరుసటి ఏడే తండ్రి కన్నుమూశాడు.

కోరో సంగీతప్రియుడు. 1859లో పారిస్‌లో గ్లూక్ రచించిన ఆర్ఫియస్ సంగీత నాటకం తిరిగి ప్రదర్శింపబడి జనాదరణ పొందింది. 1861లో కోరో అదే గాథను చిత్రించాడు. పాముకాటుతో మరణించిన భార్య యూరిడిసీ కోసం ఆర్ఫియస్ మృతుల లోకానికి వెళ్లి, తన గానంతో ఆ లోకాధిపతిని కరిగించాడు. భూలోకం చేరేవరకు వెనుదిరిగి చూడరాదన్న నియమంతో ఆమెను వెంట తెచ్చుకొన్నాడు. సావిత్రి తన పతిప్రాణాలను దక్కించుకొన్నది. ఆర్ఫియస్ మాత్రం చివరి నిమిషంలో వెనుదిరిగి భార్యను శాశ్వతంగా కోల్పోయాడు. అయితే కోరో ఆ దుర్ఘటనను చిత్రించలేదు. ఒక చేత వాద్యాన్ని ముందుకు చాచి, మరొక చేత భార్య చేయి పట్టుకొని ఆర్ఫియస్ అడవిలో నడుస్తుంటాడు. వెనుక మంచుతెర వంటి వెలుగులో నీటి ఒడ్డున మృతుల నీడలు నిలిచి ఉంటాయి. ఆశ ఇంకా సజీవంగా ఉన్న క్షణం అది. కథ తెలిసిన ప్రేక్షకునికి ఆ ఆశయే కంటతడి తెప్పిస్తుంది. ఈ చిత్రం అమెరికాలోని హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది.

వృద్ధాప్యంలో కీర్తితోపాటు ధనమూ వచ్చింది. అవివాహితుడైన కోరో ఆ ధనాన్ని తనకని దాచుకోలేదు. చూపు మందగించి పేదరికంలో ఉన్న చిత్రకారుడు దోమియేకు ఇల్లు సమకూర్చాడు. ప్రష్యా సైన్యాలు పారిస్‌ను ముట్టడించిన 1870-71 కాలంలో పేదలను ఆదుకొన్నాడు. 1875 జనవరిలో చిత్రకారుడు మిలే మరణించగా, అతని భార్యకు 10,000 ఫ్రాంకులు అందజేశాడు. అప్పటికి కోరో కూడా మృత్యువుకు చేరువలోనే ఉన్నాడు. ఆ ఫిబ్రవరి 22న పారిస్‌లో తుదిశ్వాస విడిచాడు.

పిసారో, బెర్త్ మోరిసో వంటి తరువాతి తరం చిత్రకారులు అతని వద్ద మెలకువలు నేర్చుకొన్నారు. ఇరవయ్యారేళ్ల వయసులో దుకాణం విడిచి కుంచె పట్టిన కోరో, ఫలితం కానరాని సుదీర్ఘకాలంలోనూ వెనుదిరిగి చూడలేదు.