ఏకవాద్యమున సర్వసంగీతము: యోహాన్ సెబాస్టియన్ బాఖ్ చరిత్రము
జర్మనీదేశమున తురింగియా యను వనప్రాంతమందు ఐసెనాఖ్ అను చిన్న పట్టణము గలదు. పట్టణమునకు పైగా కొండమీద వార్ట్‌బుర్గ్ కోట నిలిచియున్నది. మార్టిన్ లూథరు 1521వ సంవత్సరమున ఆ కోటలో దాగియుండి క్రొత్తనిబంధనమును జర్మను భాషలోనికి మార్చనారంభించెనని మన విద్యార్థులు చదివియే యుందురు. లూథరు బాల్యమున చదివిన లాటిను పాఠశాలలోనే, దాదాపు రెండు వందల యేండ్ల తరువాత, మరియొక బాలుడు చదివెను. ఆ బాలుడే యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఇతడు 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీన జన్మించెను. తండ్రి ఆ పట్టణపు కొలువులోని వాద్యకారుడు. పెదతండ్రులును, తాతలును సంగీతవృత్తివారే. కుమ్మరివాని బిడ్డకు సారె యెట్టిదో, ఈ వంశపు బిడ్డలకు వాద్యము అట్టిది.

ఈ మహనీయుని సంపూర్ణ చరిత్రమును వ్రాయుటకు ఈ పుటలు చాలవు. ఒక్క వాద్యము చేతనుండగా, తోడు ఎవ్వరును లేకుండగా, సంగీతము నంతటిని అందుండియే పుట్టించుట సాధ్యమా యను ప్రశ్న నితడు జీవితమంతయు విడువలేదు. ఆ త్రోవ వెంటనే మేమును నడిచెదము.

బాఖునకు తొమ్మిదవ యేట తల్లి పోయెను. మరుసటి సంవత్సరము, అనగా 1695లో, తండ్రియు పోయెను. దిక్కులేని బాలుని ఓర్‌డ్రుఫ్ అను ఊర దేవాలయమున ఆర్గను వాయించు పెద్దయన్న చేరదీసి సంగీతము నేర్పెను. అన్నగారి బీరువాలో గొప్పవారి కృతులు గల పుస్తక మొకటి యుండెను. తమ్ముడెంత వేడినను అన్న దానిని చేతి కియ్యలేదు. బాలుడు రాత్రివేళ బీరువాజాలిలో చిన్నచేయి దూర్చి, పుస్తకమును చుట్టి వెలికి లాగి, దీపము లేనందున వెన్నెల రాత్రులయందు ఆరు మాసములు దానిని ఎత్తివ్రాసికొనెనట. అన్నకు తెలిసి ఆ ప్రతిని లాగికొనెను. ఈ కథ బాఖు మరణానంతరము కుమారుడును, శిష్యుడును కలిసి ప్రకటించిన చరితములో నున్నది. అన్న కఠినుడని పలువురు నిందింతురు. అనాథయగు తమ్మునికి అన్నముపెట్టి విద్య చెప్పినవా డతడే యను సంగతియు మరువరాదని మా తలంపు.

పదునైదవ యేట బాఖు ఉత్తరదిక్కుననున్న లూనెబుర్గ్ పట్టణమునకు పోయి, పాటపాడు పేద విద్యార్థులకు ఉచితముగా భోజనము నొసగు పాఠశాలలో చేరెను. 1703లో ఆర్న్‌స్టాట్ అను ఊర క్రొత్తగా కట్టిన ఆర్గనును పరీక్షింప వచ్చి, అచ్చటనే ఆర్గను వాద్యకారుడుగా నియమితుడయ్యెను. అప్పటికి వయస్సు పదునెనిమిది.

ఆర్గను అననేమో ఇచ్చట కొంచెము చెప్పవలెను. మన దేవాలయములలో సాధారణముగా కానవచ్చునది హార్మోనియము. ఆర్గను దానికి పెద్దయన్న వంటిది. గోడయంత యెత్తున తగరముతోను, సీసముతోను, కొయ్యతోను చేసిన గొట్టములు వందలు, వేలు నిలుచును. ఆ కాలమున వెనుక తిత్తులు త్రొక్కుటకు మనుష్యులుండెడివారు. వాద్యకారుని ముందు రెండు మూడు మెట్లవరుసలు ఒకదానిపై నొకటి చేతులకును, అడుగున మరియొక వరుస పాదములకును అమర్చబడియుండును. ప్రక్కల పిడులు గలవు. ఒక పిడిని లాగినచో పిల్లనగ్రోవి వంటి ధ్వని; మరియొకదానిని లాగినచో బూర వంటిది. రెండు మూడు పిడులను కలిపి లాగినచో ఆ రెంటిలో నేదియు గాని క్రొత్త ధ్వని జనించును. ఏ పిడులను ఏ పాళ్లలో కలుపవలెనో తెలిసికొనుటయే ఆ విద్యలో సగము. బాఖు కలుపు పిడులను చూచి తక్కిన వాద్యకారులు మొదట భయపడెడివారనియు, విన్న పిమ్మట ఆశ్చర్యపడెడివారనియు అతని కుమారుడు తెలిపియున్నాడు. క్రొత్త ఆర్గనును పరీక్షించునపుడు ఇతడు ముందుగా పిడులన్నిటిని ఒక్కసారి లాగి వాయించి, ఆ యంత్రమునకు ఊపిరితిత్తులు సరిగా నున్నవో లేవో చూచెడివాడు. తిత్తులు కట్టినవారికి ఆ క్షణము మిక్కిలి కష్టమైనది!

1705వ సంవత్సరమున బాఖు నాలుగు వారముల సెలవు పుచ్చుకొని, లూబెక్ నగరమున వృద్ధుడగు బుక్స్‌టెహూడె యను విద్వాంసుని వినుటకై బయలుదేరెను. దారి దాదాపు 400 కిలోమీటర్లు. కాలినడకనే పోయెను. తిరిగివచ్చుసరికి నాలుగు మాసములాయెను. సంఘపెద్దలు సంజాయిషీ అడిగిరి. అంతేగాక, వచ్చినది మొదలు కీర్తనలలో వింత స్వరములు చొప్పించుచున్నాడనియు, సభవారు పాట పట్టుకొనలేక తికమకపడుచున్నారనియు తప్పెన్నిరి. సెలవు మీరుట తప్పే. కాని రెండవ నేరమును విచారింపగా, ఒక్క ఆర్గనులో ఎన్ని గొంతులు పలుకగలవో లూబెక్కులో విన్న యువకునికి మునుపటివలె ఊరకుండుట సాధ్యముకాలేదని తోచుచున్నది.

ఇతడు 1707లో ముల్‌హౌసెన్ పట్టణమునకు మారి, తన దాయాది బిడ్డయగు మారియా బార్బరాను వివాహమాడెను. మరుసటి యేట వైమార్ ప్రభువు కొలువులో చేరెను. అచ్చట ఇటలీదేశపు వివాల్డి కృతులు చేతికి వచ్చెను. అవి పలువురు వయొలినువారు గుంపుగా కూర్చుండి వాయింపదగినవి. బాఖు వానిలో కొన్నింటిని ఆర్గనుకును, మరికొన్నింటిని హార్ప్సికార్డు అను తంత్రీవాద్యమునకును మార్చి వ్రాసెను. గుంపు చేయుపనిని ఒక మెట్లవరుసకును, ప్రధానగాయకుని పనిని మరియొక వరుసకును, మంద్రమును పాదములకును పంచియిచ్చెను. పదిమంది పని ఒక్కని రెండు చేతులలోను, రెండు కాళ్లలోను ఇమిడెను. 1717లో మరియొక కొలువునకు పోదునని పట్టుపట్టగా, వైమార్ ప్రభువు కోపించి నవంబరు 6వ తేదీ మొదలు డిసెంబరు 2వ తేదీ వరకు ఇతనిని చెరలో నుంచి, పిమ్మట పని తీసివేసి పంపెను.

అటుపిమ్మట చేరినది కోతెన్ సంస్థానము. అచ్చటి యువరాజు లియోపోల్డ్ సంగీతప్రియుడు, కాని కాల్విను మతస్థుడు. ఆ మతమువారి ఆరాధనలో ఆడంబర సంగీతమునకు తావు లేదు. కావున బాఖునకు దేవాలయపు పని తగ్గి, వాద్యకృతులు రచించుటకు తీరిక చిక్కెను. 1720వ సంవత్సరమున యువరాజుతో కూడ కార్ల్స్‌బాడ్ అను ఆరోగ్యస్థలమునకు పోయి జులైలో తిరిగిరాగా, ఆరోగ్యముగా విడిచిపోయిన భార్య మరణించి, సమాధిచేయబడి యుండెను. కబురు కూడ ముందుగా అందలేదు. ఇంట నలుగురు బిడ్డలు.

అదే 1720వ సంవత్సరపు తేదీతో ఇతడు స్వహస్తమున చక్కగా వ్రాసిన ప్రతి యొకటి నేడు బెర్లిను గ్రంథాలయమున నున్నది. అందు ఒంటి వయొలినునకు ఆరు కృతులు గలవు. తోడు మంద్రవాద్యము అక్కరలేదని మొదటి పుటయందే వ్రాసియున్నాడు. ఆ కాలమున వయొలిను పాటకు క్రింద మంద్రవాద్యము నడుచుట పరిపాటి. దానిని తీసివేయుట గోడ లేకుండ కప్పు నిలుపుట వంటిది. నాలుగు తంతులు, ఒక కమాను. కమాను ఒక్కసారి రెండు తంతులనే చక్కగా తాకగలదు. ఇట్టిదానితో నలుగురి పాట యెట్లు పుట్టును? బాఖు కొన్నిచోట్ల రెండు తంతులను కలిపి పలికించును. మూడు నాలుగు స్వరములను క్రిందినుండి మీదికి గబాలున విరిచి పలికించును. అంతకన్న చమత్కారమైన ఉపాయ మొకటి కలదు. స్వరము మంద్రమునకు దుమికి, వెంటనే తారమునకు లేచి, మరల మంద్రమునకు దిగును. పలుకునది ఒక్కటే తంతి. మన చెవి మాత్రము క్రిందివానిని క్రిందివానితోను, మీదివానిని మీదివానితోను కూర్చుకొని ఇద్దరు మాటాడుచున్నారని నమ్మును. హరికథకుడు ఒక్కడే గొంతు మార్చి రాజును, మంత్రిని, భటుని మాటాడించుట చూచినవారికి ఇది వింతగా తోచదు. వినువాని మనస్సునకు సగము పని అప్పగించుటయే ఇందలి కీలకము.

ఈ ఆరింటిలో ఒకదాని చివర చాకోన్ అను భాగము గలదు. నాలుగు గతులలో నిమిడిన చిన్న స్వరపంక్తిని ఆధారముగా గొని అరువదికి పైగా రూపములలో మార్చిమార్చి చూపును. వాయించుటకు దాదాపు పావుగంట పట్టును. నడుమ కొంతసేపు వెలుగు వచ్చినట్లు శ్రుతిభేదము కలిగి, మరల మొదటి విషాదచ్ఛాయలోనికే దిగును. ఇది భార్యాస్మారకమని కొందరు వ్రాసియున్నారు. ప్రతిపై సంవత్సరమే గాని మాసము లేదు; రుజువును లేదు. మేము ఆ మాటను సమర్థింపజాలము. అయినను ఆ యింట ఆ సంవత్సరము ఒంటరితన మననేమో తెలియనివారు లేరని మాత్రము చెప్పవచ్చును.

మన తెలుగుదేశమున వయొలినును ప్రక్కవాద్యపు చోటనుండి లేపి కచేరీకి ప్రధానవాద్యముగా నిలిపిన ద్వారం వేంకటస్వామినాయుడుగారిని ఎరిగినవారు ఈ సందర్భమున వారిని తలంతురు. రెండు సంప్రదాయములును వేరు. మన సంగీతము ఒక్క రాగధారను లోతుగా త్రవ్వును. బాఖు సంగీతము పలు ధారలను ఏకకాలమున నడపును. రెంటిలో ఏది గొప్పదను వాదము వలన ప్రయోజనము లేదు.

1721లో బాఖు అన్నా మగ్దలేనా అను గాయకురాలిని పెండ్లాడెను. ఇద్దరు భార్యలవలన కలిగిన బిడ్డలు ఇరువదిమంది. పెరిగి పెద్దలైనవారు పదిమందియే. 1723లో లైప్‌జిగ్ నగరమున సెయింట్ తోమా పాఠశాలలో సంగీతాచార్యపదవి లభించెను. నగరసభవారు కోరినవాడు టెలెమాన్, అతడు రాలేదు. రెండవవాడు గ్రౌప్నర్, అతనిని ప్రభువు విడువలేదు. మూడవవాడుగా బాఖును తీసికొనిరి. అచ్చట ఇతడు ఇరువదియేడు సంవత్సరములు పని చేసెను. లాటిను పాఠములు కూడ చెప్పవలసి యుండగా, తన జీతములోనుండి సొమ్మిచ్చి మరియొక ఉపాధ్యాయునిచే చెప్పించెను. అల్లరి పిల్లలు, చాలని గాయకులు, పైవారితో తగవులు. ఇన్నింటి నడుమ వారము వారము ఆరాధనకు క్రొత్త కృతులు రచించెను. అట్టివి దాదాపు 200 నేటికి నిలిచియున్నవి. మత్తయి సువార్త ప్రకారము క్రీస్తు శ్రమలను గానముచేయు మహాకృతియు ఇచ్చటనే, 1727లో, వినబడెను. పెద్దకొడుకు ఫ్రీడెమాన్ అభ్యాసమునకై ఆర్గనునకు ఆరు కృతులు కూర్చెను. కుడిచేయి ఒక వరుసపై, ఎడమచేయి వేరొక వరుసపై, పాదములు క్రిందివరుసపై; ముగ్గురు మనుష్యుల పాట ఒక బాలుని మేనిలో ఇముడవలెను. ఇది నేటికిని ఆర్గను విద్యార్థులకు కఠినపరీక్షయే.

1747వ సంవత్సరము మే మాసమున ప్రష్యా రాజగు ఫ్రెడరిక్ పోట్స్‌డామ్ నగరమున బాఖునకు ఒక స్వరపంక్తి నిచ్చి, దానిపై అప్పటికప్పుడు వాయింపుమని కోరెను. బాఖు మూడు గొంతులతో నడచు రచనను అచ్చటనే వాయించెను. ఇంటికి వచ్చి అదే పంక్తిపై ఆరు గొంతుల రచన చేసి, అచ్చొత్తించి రాజునకు పంపెను. ఆరు గొంతులును పది వ్రేళ్లకు అందును.

వృద్ధాప్యమున చూపు మందగించెను. 1750లో టేలర్ అను ఇంగ్లీషు వైద్యుడు రెండుసార్లు శస్త్రము చేయగా ఉన్న చూపును పోయెను. ఆ యేడు జులై 28వ తేదీన బాఖు మరణించెను. సమాధిపై గుర్తుకూడ నిలువలేదు. భార్య అన్నా మగ్దలేనా పురవాసుల ధర్మముపై బ్రతికి 1760లో పోయెను. కొడుకులలో పేరుపొందినవారుండగా ఆమె కీగతి ఏల పట్టెనో తలంచినపుడెల్ల మాకు బాధ కలుగుచున్నది.

కొంతకాలము విద్వాంసులు తప్ప జనసామాన్యము ఇతనిని మరచిరి. 1829లో మెండెల్‌సన్ బెర్లినులో మత్తయి శ్రమగానమును వినిపించుటతో మరల పేరు వెలసెను. మిషనువారికి ఇష్టుడగు ఆల్బర్ట్ ష్వైట్జర్ కూడ బాఖు భక్తుడే. అతడు బాఖును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసి, వైద్యము నేర్చి, 1913లో ఆఫ్రికాలోని లాంబరేనేకు పోయెను. పారిసులోని బాఖు సంఘమువారు పాదపు మెట్లు గల పియానో నొకటి ఆ వేడిదేశమునకు తగునట్లు చేయించి ఇచ్చిరి. పగలు రోగులు, రాత్రి బాఖు. పిమ్మట ఐరోపాలో ఆర్గను వాయించి వచ్చిన సొమ్ముతో ఆ వైద్యశాలను నడపెను.

ఇక 1968వ సంవత్సరపు విచిత్రము. అమెరికాలో రాబర్ట్ మూగ్ అను ఇంజనీరు విద్యుచ్ఛక్తితో శబ్దమును పుట్టించు సింథసైజరు యంత్రమును నిర్మించియుండెను. ఆర్గనులో శబ్దమునకు శబ్దము కలుపుదురు. ఈ యంత్రమున నిండుశబ్దమును పుట్టించి, వలయునంత నిలిపి, తక్కినది వడగట్టుదురు. వెండీ కార్లోస్ అను సంగీతకర్త్రి ఈ యంత్రముతోనే బాఖు కృతులతో ఒక రికార్డును పూర్తిగా తయారుచేసెను. చిక్కేమనగా, ఆ యంత్రము ఒక్కసారి ఒక్క స్వరమునే పలుకగలదు. అందుచే ఒక్కొక్క గొంతును వేరుగా వాయించి, ఎనిమిది దారులు గల టేపుపై ఒకదానిపై నొకటి పేర్చవలసివచ్చెను. శ్రుతియు నిలిచెడిది కాదు. కొన్ని స్వరములు వాయించుట, ఆగి శ్రుతి సరిచేయుట, మరల వాయించుట. ఇట్లు నెలల తరబడి జరిగెను. బాఖు సంగీతమును యంత్రముపాలు చేసిరని కొందరు గొణిగిరి. గ్లెన్ గౌల్డ్ వంటి పియానో విద్వాంసులు మెచ్చిరి. ఆ రికార్డునకు మూడు గ్రామీ బహుమానములు వచ్చెను. ఒక్క వయొలినుచే నలుగురిని పలికించినవానికి ఒక్క స్వరపు యంత్రము పరాయిదని మేమనుకొనము.

ఆ రికార్డులోని ఇన్వెన్షన్లు అను చిన్న కృతులు బాఖు అభ్యాసకులకై వ్రాసినవి. మొత్తము పదునైదు, రెండు చేతులకు రెండు గొంతులు, సమానమైన పని. మన విద్యార్థులు వానిని చేతిహార్మోనియముపై వాయింపజాలరు, ఒకచేయి తిత్తికే పోవును. కాలితో తిత్తి త్రొక్కు హార్మోనియము గలచోట మొదటి దానిని, మిక్కిలి నెమ్మదిగా, ముందు ఎడమచేతితో ఆరంభించి చూడవచ్చును.