శ్రవణ శాస్త్ర నిర్మాత రేమండ్ కార్హార్ట్

చూపు లేని వానికి దారి యిచ్చువారు, కాలు లేని వానికి చేయూత నొసగువారు మన గ్రామములలో ఎందరో కలరు. చెవి వినరాని వానిని చూచి నవ్వుకొనువారే యెక్కువ. చెవుడు ఇతరుల కంటికి కానరాని కష్టమగుటయే ఇందులకు కారణము. ఆ కష్టమును కొలుచుటకు నిలుకడయైన పద్ధతులను ఏర్పరచి, వినికిడి తగ్గినవారికి తోడ్పడుటను ఒక స్వతంత్ర వృత్తిగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు రేమండ్ కార్హార్ట్. నారపల్లి పాఠకులకు ఈ పేరు క్రొత్తది కావచ్చును. కాని నగరమున వినికిడి పరీక్షకు పోయి వచ్చినవారందరును, తెలియకయే, ఆయనకు ఋణపడినవారు.

కార్హార్ట్ 1912వ సంవత్సరమున మెక్సికో నగరమున జన్మించెను. అమెరికాలో విద్యనభ్యసించి, చికాగో సమీపమున నున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము నుండి 1936లో డాక్టరు పట్టము పొంది, అచ్చటనే అధ్యాపకుడయ్యెను. ఆయన అభ్యసించినది వైద్యము కాదు; మనుష్యుని వాక్కునకు సంబంధించిన శాస్త్రము. అచ్చట వినికిడి పరీక్షలను గూర్చి బోధించుచుండిన బంచ్ అను పండితుడు 1942లో మరణింపగా, ఆ బోధనాభారము కార్హార్ట్‌పై పడెను.

ఆ కాలమున చెవుడు గలవారు తట్టుటకు సాధారణముగా రెండే తలుపులుండెను. ఒకటి వైద్యునిది, రెండవది యంత్రముల నమ్ము వర్తకునిది. మందునకును శస్త్రమునకును లొంగని చెవుడైనచో వైద్యుడు చేయగలది స్వల్పము. వర్తకునకు తన యంత్రము అమ్ముడగుట ముఖ్యము. మిగిలిన కొద్దిపాటి వినికిడితో బ్రతుకు నెట్లు సాగింపవలయునో నేర్పువారు మిక్కిలి అరుదు.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ కొరతను బయటపెట్టెను. ఫిరంగుల మ్రోతకును, బాంబుల ప్రేలుడునకును వేలకొలది సైనికులు వినికిడి చెడి తిరిగివచ్చిరి. వారికొరకు అమెరికా సైన్యము మూడు ఆసుపత్రులలో ప్రత్యేక కేంద్రములను నెలకొల్పెను. అందొకటి పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లర్ పట్టణమందలి డెషాన్ ఆసుపత్రి. 1944లో కార్హార్ట్ సైనికోద్యోగియై అచ్చటి శ్రవణ చికిత్సాలయమునకు అధిపతి యయ్యెను.

అచ్చటికి వచ్చిన యువకుని చేతిలో ఏదో యొక యంత్రమును పెట్టి పంపివేయలేదు. పెక్కు యంత్రములను ఒకదాని వెంట నొకటి పెట్టి చూచెడివారు. శబ్దమును ఏది యెంత పెంచుచున్నది? ఎంత గట్టి ధ్వనిని ఆ చెవి యోర్వగలదు? చుట్టును సందడి యున్నప్పుడు మాట తెలియుచున్నదా? దగ్గర దగ్గర పదములను వేరుపరుప గలుగుచున్నాడా? ఈ నాలుగు విధముల పరీక్షించి, ఆతనికి తగినదానిని ఎన్నెడివారు. ఈ పద్ధతిని కార్హార్ట్ 1946లో ప్రకటించెను. యంత్రము కుదిరిన పిమ్మట పెదవుల కదలికను బట్టి మాట గ్రహించుట, చెవిని క్రొత్త ధ్వనులకు అలవరచుకొనుట, తన యుచ్చారణ చెడకుండ కాపాడుకొనుట నేర్పెడివారు.

ఈ విద్యకు ఆడియాలజీ యను పేరు వ్యాప్తిలోనికి తెచ్చినవారుగా కార్హార్ట్‌ను, చెవి వైద్యుడగు నార్టన్ కాన్‌ఫీల్డ్‌ను చెప్పుదురు. మనము దానిని శ్రవణ శాస్త్రమందుము. యుద్ధానంతరము కార్హార్ట్ నార్త్‌వెస్టర్న్‌కు మరలివచ్చి, 1947లో ఆ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. పేరు పెట్టినంత మాత్రమున వృత్తికి స్వాతంత్ర్యము రాదు. తనదియగు విజ్ఞానము, తన పరీక్షలకు తానే పూచీపడు ధైర్యము ఉండవలయును. కార్హార్ట్ జీవితమంతయు ఈ రెండింటిని సమకూర్చుటకే వినియోగపడెను.

ఒక యుదాహరణము చాలును. కొందరికి చెవి లోపలి చిన్న యెముక బిగిసిపోయి వినికిడి తగ్గును. శస్త్రచికిత్సతో దీనిని సరిచేయవచ్చును. కాని పరీక్షలో సెకనుకు 2000 కంపనముల ధ్వని యొద్ద, నరమే చెడినదా యనిపించు నొక లోటు కానవచ్చుచుండెను. నరము చెడినచో శస్త్రము వ్యర్థము. ఈ లోటు నరముది కాదనియు, బిగిసిన యెముక వలన కలుగునదనియు కార్హార్ట్ 1950లో వివరించెను. శస్త్రము సఫలమైన పిదప ఆ లోటు చాలవరకు తొలగుట దానిని బలపరచెను. నేటికిని వైద్యులు దానిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. వైద్యునితో వివాదపడి గాక, వైద్యునకు అవసరమగు జ్ఞానము నొసగి ఆయన తన వృత్తికి గౌరవము సంపాదించెను.

1959లో శిష్యుడగు జేమ్స్ జెర్గర్‌తో కలిసి ఆయన వినికిడి పరీక్షకు నిర్దిష్టమైన క్రమమును సూచించెను. ధ్వని వినబడినచో 10 డెసిబెళ్లు తగ్గించుట, వినబడనిచో 5 పెంచుట అందలి సూత్రము. నేటికిని ప్రపంచమంతట ఈ క్రమమే విరివిగా వాడుకలో నున్నది.

ఆనాడు అమెరికాలోని వాక్ శ్రవణ నిపుణుల సంఘము తన సభ్యులు లాభమునకు యంత్రములను అమ్మరాదని నియమించియుండెను. పరీక్షించు చేయి అమ్ము చేయి కారాదని దాని భావము. కార్హార్ట్ 1975లో గతించెను. పరీక్షించిన నిపుణుడే యంత్రమును అమర్చిననే రోగికి మేలనువారి వాదము బలపడగా 1979లో ఆ నియమము తొలగెను. 1988లో జెర్గర్ నాయకత్వమున శ్రవణ నిపుణులు తమకొక ప్రత్యేక సంస్థ నేర్పరచుకొనిరి.

మన దేశమున 1965లో మైసూరున అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసెను. 1992 నాటి పునరావాస మండలి చట్టము ఈ నిపుణుల నమోదునకు దారి చూపెను. ఇచ్చటను పరీక్షయు విక్రయమును పెక్కుచోట్ల ఒకే కప్పు క్రింద జరుగుచున్నవి. కావున జాగ్రత్త మనది. ముందు చెవి వైద్యునకు చూపుకొనుడు. పరీక్షించువాని అర్హతను తెలిసికొనుడు. పరీక్షా పత్రము నడిగి తీసికొనుడు. ఒకటికి రెండు యంత్రములు పెట్టి, సందడిలో మాట వినిచూచి కాని సొమ్ము చెల్లింపకుడు.

నాచారము పారిశ్రామికవాడలో యంత్రముల హోరు నడుమ ఏండ్ల తరబడి పనిచేయువానికి మొదట సన్నని ధ్వనులు పోవును. అందరును గొణుగుచున్నారని ఆతడు విసుగుకొనునే కాని, లోపము తన చెవిలో నున్నదని యెరుగడు. ఆతనిని చూచి నవ్వక, చేయి పట్టి పరీక్షకు తీసికొనిపోవుటయే కార్హార్ట్‌కు మనము తీర్చుకొనగల ఋణము.