ఊరినంతా ఒక్క పందిరి కిందికి చేర్చిన ఆదిభట్ల

విజయనగరం: కోట ఒకవైపు, దండు విడిసిన కంటోన్మెంట్ మరొకవైపు, నడుమ కళాశాల, కచేరీలు, బజారు. పంతొమ్మిదో శతాబ్ది చివర విజయనగరం స్వరూపమిది. పండితులకు ఆస్థాన సభలుండగా, సామాన్యులకు వీధి భాగోతాలు, తోలుబొమ్మలాటలు ఉండేవి. ఈ ఇరువురూ ఒకే చాపపై కూర్చునే సందర్భాలు మాత్రం అరుదు. ఆ అవకాశం కల్పించిన మహనీయుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు.

1864 ఆగస్టు 31న అజ్జాడ అగ్రహారంలో జన్మించిన ఆయన అసలు పేరు సూర్యనారాయణ. ఈ గ్రామం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చదువు కోసం విజయనగరం చేరిన ఆ యువకుడు 1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథను విన్నారు. అదే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అనతికాలంలోనే ధ్రువ చరిత్రను స్వయంగా రచించి గానం చేశారు.

తెర లేదు, రంగాలంకరణ లేదు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలు, మెడలో పూలదండ. ఒక్క మనిషే ధ్రువుడు, ఒక్క మనిషే సురుచి. కీర్తన పాడి, పద్యం చదివి, వచనంలో కథ నడిపి, నడుమ పిట్టకథతో నవ్వించి మళ్లీ అసలు కథలోకి తీసుకువెళ్లేవారు. ధనుర్మాసంలో తలపై అక్షయపాత్రతో ఇల్లిల్లూ తిరిగే హరిదాసునే హరికథకుడిగా భావించేవారు నేటికీ ఉన్నారు. ఆ సంప్రదాయం వేరు, గంటల తరబడి సభను కూర్చోబెట్టే ఈ విద్య వేరు.

దాసు రచనల భాష సులభమైనది కాదు. అక్షరం రానివారికి ఆ సమాసాలు అర్థమయ్యేవా అన్న సందేహం సహజం. మాట అందనిచోట అభినయం అందేది, అభినయం అందనిచోట రాగం అందేది. వకీలు, బండివాడు ఒకే ఘట్టానికి కన్నీరు పెట్టారంటే కారణం అదే. అష్టావధానం చేయగల పండితుడు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చిన బహుభాషావేత్త పండిత సభలకే పరిమితమై ఉండవచ్చు. ఆయన మాత్రం పందిరినే ఎన్నుకున్నారు. మద్రాసు, మైసూరు వంటి నగరాలకు వెళ్లి మన్ననలు పొందినా విజయనగరాన్ని వీడలేదు.

అయితే ఒక్కరి గొంతుపై నిలిచిన విద్య ఆ గొంతుతోనే పోయే ప్రమాదం ఉంది. 1919లో పూసపాటి ప్రభువులు విజయరామ గాన పాఠశాలను నెలకొల్పి దాసును తొలి అధ్యక్షునిగా నియమించారు. వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే ఆచార్యులై, 1936లో ఆయన స్థానాన్ని స్వీకరించారు.

1945 జనవరి 2న దాసు కన్నుమూశారు. ఆయన నడిపిన పాఠశాల నేటికీ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలగా కొనసాగుతోంది. ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడి విద్యార్థే. భోజన వసతి లేక జోలె పట్టుకుని వీధుల్లో మధుకరం ఎత్తిన ఆ బాలుడికి రోజుకో ఇల్లు అన్నం పెట్టింది.